ఓటమి ఎరుగని లాయరు

చోడవరం కోర్టుకు కొత్తగా వచ్చు కక్షిదారులకు తెలియజేయునది ఏమనగా, లాయరును పెట్టుకునే ముందు తెలుసుకోవలసిన విషయాలు చాలా ఉన్నాయి. అవన్నీ మన జనానికి ముందే తెలుసు. కనుకనే ఎవరూ లాయరును ఏమీ అడగరు. కోర్టు గేటు ఎదుట పధ్నాలుగేళ్లుగా జెరాక్సు షాపు నడుపుతున్నవాడిగా ఈ మాట ఘంటాపథంగా చెప్పగలను.

మొన్న జనవరిలో వడ్డాది పక్క పల్లె నుంచి అసిరమ్మ వచ్చింది. భర్త పోయాక ఎకరన్నర చెరకే ఆమెకు ఏడాది తిండి. ఆ చేలోకి బండి వెళ్లే దారి ఒక్కటే. దానికి అడ్డంగా మరిది సత్యారావు ముళ్లకంచె వేశాడు. మనవడి బారసాలకు అసిరమ్మ అతని భార్యను అందరికంటే ఆఖర్న పిలిచిందట. ఇంతకన్నా బలమైన కారణం చట్టంలో మాత్రం ఎక్కడుంటుంది? చెరకేమో పక్వానికొచ్చింది. నెలన్నరలో నరికి గానుగకు చేర్చకపోతే ఎండిపోయి పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

ఇలాంటి ఆపదల్లో సలహా చెప్పడానికి ఆ ఊళ్లో బంగార్రాజు అనే నిపుణుడున్నాడు. ఆయన గట్టు తగాదా పందొమ్మిదేళ్లుగా కోర్టులో నడుస్తోంది. పందొమ్మిదేళ్లుగా మంచం దిగని రోగిని మంచి డాక్టరెవరని అడిగినట్టు, ఊరంతా మంచి లాయరెవరని ఆయన్నే అడుగుతుంది. అసిరమ్మ కూడా ఆయన్నే వెంటబెట్టుకొచ్చింది.

ముందుగా వాళ్లు మా షాపు పైగదిలో ఉండే ప్రత్యూష అనే లాయరమ్మ దగ్గరికి వెళ్లారు, తలుపు తీసి ఉంది గనక. అక్కడ జరిగిన అపచారాలు ఒకటీ రెండూ కావు. అసిరమ్మ చెప్పిందంతా ఆ అమ్మాయి మధ్యలో ఆపకుండా విన్నది. సర్వే నంబరు అడిగింది. పాస్‌పుస్తకం చూపించమంది. పొలం పటంలో దారి గీసి ఉందో లేదో చూస్తానంది. ఫీజు ఎంతో, దేనికో కాగితం మీద రాసిస్తానంది. ముందు మరిదిని పిలిచి మాట్లాడదామని, వినకపోతే అర్జెంటు పిటిషను వేద్దామని చెప్పింది. గెలుస్తామా అని అడిగితే, కాగితాలు చూడకుండా చెప్పలేనంది.

మెట్లు దిగుతూనే బంగార్రాజు తీర్పు చెప్పేశాడు.

"సూసేవా అసిరమ్మా, ఆ గుంటకి ఏటీ తెల్దు. అన్నీ మనల్నే అడుగుతంది. గెలుత్తామో నేదో సెప్పలేనిది లాయరేటి? పైగా మీ మరిదిని పిలిసి మాటాడతాదంట. కేసన్నాక మాటలేటి?"

"అంతా ఇన్నాది కదా మావా," అంది అసిరమ్మ, కాస్త బెంగగా.

"ఇనడానికి మీ ఇంట్లో గేదె నేదా?"

ఆ వాదనకు తిరుగులేదు. ప్రత్యూష పెట్టిన దారి కేసులు మూడు కిందటేడే తేలిపోయాయని నాకు తెలుసు. చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు. అదీకాక, త్వరగా తేలే కేసుకి జెరాక్సులు తక్కువ.

అప్పుడు వారు గౌరీశంకర్ గారి ఆఫీసు చేరుకున్నారు. ఇరవై రెండేళ్ల వృత్తి జీవితంలో ఆయన ఒక్క కేసూ ఓడిపోలేదు. ఇది అక్షరాలా నిజం. ఒక్కటైనా పూర్తయితే కదా ఓడిపోవడానికి! ఆయన గుమ్మం ముందు బెంచీ మీద ఎప్పుడూ ఖాళీ ఉండదు. పాత కక్షిదారులు ఎక్కడికీ పోరు గనక ఖాళీ ఎలా ఉంటుంది? ఆయన కాగితాలు చూడలేదు, సర్వే నంబరు అడగలేదు. రెండు ఫోన్లు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు.

"అమ్మా! ఇది దారి కేసు కాదు, ఆత్మగౌరవం కేసు. మీ మరిదిని సుప్రీంకోర్టు మెట్ల దాకా నడిపించకపోతే నా పేరు గౌరీశంకరే కాదు!"

బంగార్రాజు కళ్లు చెమర్చాయి. అసిరమ్మ ఆరు ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు వేసింది. వాటిలో ఏం రాస్తారని అడగడం అమర్యాద కాబట్టి అడగలేదు.

మొదటి వాయిదాకి జడ్జిగారు సెలవు. రెండో వాయిదాకి లాయరుగారి బావమరిది పెళ్లి. మూడోదానికి కోర్టు బహిష్కరణ, ఎందుకో బహిష్కరించినవారికే గుర్తులేదు. నాలుగోదానికి నోటీసు తిరిగొచ్చింది. సత్యారావు తండ్రి పేరు పడాల్సినచోట వేరే కేసులోని ముసలాయన పేరు పడిందట. ఆ తండ్రి అసిరమ్మకు సాక్షాత్తూ మామగారే. ఆయన పేరేమిటని ఆమెనెవరూ అడగలేదు. వాయిదా పడ్డ ప్రతిసారీ ఊళ్లో కేసు మహా జోరుగా నడుస్తోందని చెప్పుకున్నారు. ఈలోగా చెరకు వెన్నులు వేసి, బెండు తేలి, నిలువునా ఎండిపోయింది. నాలుగో వాయిదా రోజు అసిరమ్మ మా షాపు మెట్టు మీద కూర్చుని ఒక ఎండుగడను ఊరికే విరుస్తూ ఉండిపోయింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ ఎండిన చేను చూసి సత్యారావుకే మనసు కరిగింది. మార్చి వాయిదా నాడు మా షాపు ముందే ఆమెకు ఎదురొచ్చాడు.

"వదినా, నాదే తప్పు. కంచె ఈయేలే పీకేత్తాను. శనివారం లోక్ అదాలత్‌లో సంతకాలెట్టీసి కేసు ఒగ్గేద్దాం."

మెట్ల మీద నుంచి ప్రత్యూష కూడా అంది: "ఒప్పుకోండమ్మా, వచ్చే పంటైనా దక్కుతుంది."

పధ్నాలుగేళ్లలో మొదటిసారి నేనూ నోరు తెరిచాను: "ఆళ్లు సెప్పింది ఇను, అసిరమ్మా."

ఆమె మా ముగ్గురినీ కుట్రదారుల్ని చూసినట్టు చూసింది.

"పంట ఎలాగూ పోనాది. ఇప్పుడు కేసు కూడా ఒగ్గుకోమంటారేటి?"

చరచరా కోర్టు గేటు లోపలికి వెళ్లిపోయింది. మీరు నవ్వుకుంటున్నారు, సంతోషం. ఇంతకీ, మీ అన్నదమ్ముల మీద వేసిన కేసు వాయిదా ఎప్పుడు?