పూలు వాడరాదని ఉత్తర్వు

పువ్వు వాడిపోవడాన్ని క్రమశిక్షణా రాహిత్యంగా గుర్తించడమే మానవ నాగరికత సాధించిన తాజా ఘనవిజయం. ఈ కీర్తి దోహాలో, వెస్ట్ బేలోని ఒక మేడకు దక్కింది. (పేరు చెప్పను. నా వీసా ఇంకా బతికే ఉంది.)

ఆ మేడలో పూలగుత్తుల కోసం ‘పుష్పయౌవన పరిరక్షణ విభాగం’ వెలిసింది. అధిపతి హైదరాబాదు ఫసీయుద్దీన్ గారు. సిబ్బంది జగిత్యాల హన్మాండ్లు, ఒక్కడే. గురువారం పెద్దసారు వచ్చేదాకా ఏ కార్నేషన్ పువ్వూ తల వంచరాదని నియమం. వంచితే హన్మాండ్లు సెలవు రద్దు. అతను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతుర్ని ఇంతవరకు ఎత్తుకోలేదు పాపం, శుక్రవారానికి టికెట్ తీసుకున్నాడు.

బుధవారం పొద్దున కార్నేషన్లన్నీ మూకుమ్మడిగా ముడుచుకుపోయాయి. విచారణ మొదలైంది.

“నీళ్ళు పోసినవా, హన్మాండ్లూ?”

“పోసిన సార్. చల్లటి రూముల వెట్టిన. పక్కపొంటి అరటిపండ్ల గెలలు గూడ వెట్టిన.”

“యా అల్లా! గెలలెందుకు భై?”

“పెద్దసారుకు స్వాగతం అన్నరు గద సార్. మా దిక్కు పువ్వులు, పండ్లు ఒక్క పల్లెంలనే వెడ్తం. ఉత్త పువ్వులే వెడ్తె మనిషిని పిలిచినట్టా, సాగనంపినట్టా?”

తోటల నిపుణురాలు మెహర్ సుల్తానా గారిని పిలిపించారు. మాగే అరటిపండు ఎథిలీన్ అనే వాయువు వదులుతుందట. పువ్వుకు అది ముసలితనపు హార్మోను. సోకగానే పువ్వు తానూ ఎథిలీన్ తయారుచేయడం మొదలుపెడుతుంది. (ఆఫీసులో ఒకడు రాజీనామా చేస్తే మిగతావాళ్ళకూ ఇదే వరస.) ఆపైన ప్రతి కణం చుట్టూ ఉన్న పల్చని పొర చెడి, లోపలి నీరంతా కారిపోతుంది. సైటోకైనిన్ అనే ఇంకో హార్మోను ముందే ఇచ్చి ఉంటే కొన్నాళ్ళు ఆపేదట. దాన్ని కొనడానికి విభాగం ఒప్పుకోలేదు.

విభాగం మెరుపువేగంతో కదిలింది. గేట్ పాస్ లేని వాయువులకు ప్రవేశం లేదని బోర్డు పెట్టింది. అనుమతి లేకుండా విధులు మానేసినందుకు కణపొరకు నోటీసు ఇచ్చింది. పొర జవాబివ్వలేదు కనుక నేరం ఒప్పుకున్నట్టే. అరటిగెలలను కూలీలుండే క్యాంపుకు బదిలీ చేస్తే, అక్కడివాళ్ళు వాటిని పండగ చేసుకుని తినేశారు.

హన్మాండ్లు భార్య గంగామణికి ఫోన్ చేశాడు. (వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ దేశాలన్నీ దుబాయే.)

“గదేందయ్యా! దుబాయ్‌ల పువ్వులు వాడితె మనుషులను ఆపుతరా? పిల్లకు నీ ఫోటో సూపెట్టి ‘నాయిన’ అని నేర్పిన. గిప్పుడు దానికేం జెప్పాలె?”

నాకైతే ఒళ్ళు మండింది. మెహర్ సుల్తానా గారు మాత్రం నేరుగా విభాగానికి వెళ్ళి, తప్పు హార్మోనుది, మనిషిది కాదని వాదించారు. ఫసీయుద్దీన్ గారు “బిల్కుల్ సహీ” అని తల కూడా ఊపారు.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. వాడిపోయిన పూలన్నిటికీ తక్షణమే శాశ్వత విశ్రాంతి మంజూరైంది. హన్మాండ్లును తల నుంచి కాలి దాకా పరీక్షించి, ఇంకా వాడలేదు కనుక సెలవు అవసరం లేదని తేల్చారు.