రగ్బీ దున్నకు అర్జీల కొలువు

ఒక పెద్ద అడవిలో గండయ్య అనే దున్న రగ్బీ ఆడి ఆడి రిటైరైంది. రగ్బీ అంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. బంతిని చంకన పెట్టుకుని, ఎంతమంది మీద పడి లాగినా ఈడ్చుకుంటూ పోయి, అవతలి గీత దాటాక నేలకు ఆనించాలి. ముందు వరుసలో ఏళ్ల తరబడి ఆ పనే చేసిన గండయ్యకు ఒక కొమ్ము విరిగింది, మోకాళ్లు అరిగాయి. మిగిలినవి సన్మానం శాలువాలు. వాటిని నెమరేస్తే కడుపు నిండదు కదా!

"ఏదైనా కొలువు ఇప్పించండి ప్రభూ" అని సింహానికి మొరపెట్టుకుంది. సింహం ఆటగాళ్ల కోటాలో అర్జీల ఆఫీసుకు పంపింది.

అక్కడ సూపరింటెండెంటు నక్క. దాని బావమరిది వాగుకు అడ్డుకట్ట వేసి నీళ్లన్నీ మళ్లించుకుంది. దిగువన కుందేళ్లు గొంతెండి చస్తున్నాయి. వాటి అర్జీ సింహం దాకా పోకూడదన్నదే నక్క దిగులు. దున్నను చూడగానే దానికి ప్రాణం లేచొచ్చింది.

"చదువు రాదుగా గండయ్యా?"

"రాదండి."

"మంచిది. అర్జీ ఎవరిచ్చినా తీసుకో. గట్టిగా పట్టుకో. మళ్లీ ఎవరికీ ఇవ్వకు."

"అయ్యో, ఆ పని నాకు బాగా వచ్చండి!"

మర్నాడే ఓ కుందేలు అర్జీ రాసిన ఆకుతో వచ్చింది. "మావా, పిల్లలకు చుక్క నీళ్లు లేవు. ఇది రాజుగారికి చేరుతుందా?"

"ఆయన ఎక్కడుంటారమ్మా?"

"అదిగో, ఆ చివర."

గండయ్య ఆ చివరకేసి చూసింది. ఆకును చంకన పెట్టింది. తల వంచింది.

మొదటి బల్ల ముక్కలైంది. "పట్టుకోండ్రా!" అని అరుస్తూ నక్క దాని మెడకు వేలాడింది. జవాను ఎలుగుబంటి దాని నడుం వాటేసుకుంది. గుమాస్తా తాబేలు దాని తోక కరిచింది. గండయ్యకు ఆనందంతో కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఎన్నాళ్లకు మళ్లీ ఒంటిమీద ఇంతమంది! పరుగు ఇంకా పెంచింది.

అందరితో కలిపి సింహం కాళ్ల దగ్గర పడి, ఆకును నేలకు ఆనించింది.

"ఏమిటీ గోల?" అంది సింహం.

మెడ వదలకుండానే నక్క అంది: "అర్జీ ప్రభూ. ఆలస్యం కాకూడదని ఆఫీసంతా కలిసి తెచ్చాం."

సింహం మురిసిపోయింది. అర్జీ చదివి నక్క కళ్లెదుటే అడ్డుకట్ట తీయించింది, ఆపైన నక్కను మంత్రిని చేసింది. బల్లలు విరగ్గొట్టినందుకు గండయ్యను కొలువులోంచి తీసేసింది.

గండయ్య బయటికొచ్చి కుందేలును అడిగింది: "ఇంతకీ గెలిచామా అమ్మా?"

"మేం గెలిచాం మావా" అంది కుందేలు, తలెత్తి చూడలేక.

నీతి: పైకి రావాలంటే పనిచేసేవాణ్ణి వెనక్కి లాగుతూనే ఉండు, పొరపాటున కూడా వదిలిపెట్టకు.