‘గడప’ యాప్‌పై సభాసంఘం తనిఖీ

“ఇకపై ఈ రాష్ట్రంలో ఏ పౌరుడూ ఏ ఆఫీసు మెట్లూ ఎక్కనక్కర్లేదు!” అని శాసనసభా సంఘం అధ్యక్షులు వెంకటనారాయణ గారు ప్రకటించారు. హైటెక్ సిటీలో లిఫ్టు చెడిపోయిన ఆఫీసుకు నాలుగంతస్తుల మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరాకే ప్రకటించారు. అక్కడ కాఫీ మెషిన్ చూసుకునేది నేనే కాబట్టి, ప్రజాస్వామ్యాన్ని పక్కనే నిలబడి చూసే భాగ్యం దక్కింది.

‘గడప’ అంటే ఏడేళ్లలో నాలుగుసార్లు ప్రారంభోత్సవం జరిగిన ప్రభుత్వ యాప్. రేషన్ కార్డు మొదలు ఏ సర్టిఫికెటైనా అందులో వస్తుంది. ఇంతవరకు ఎవరికీ రాలేదు. ఎందుకు రాలేదో తేల్చడానికే తొమ్మిదిమంది ఎమ్మెల్యేలు వచ్చారు. ప్రాజెక్టు డైరెక్టర్ రాకేశ్ గారు నలభై స్లైడ్లు చూపించేసరికి అధ్యక్షులు చెయ్యెత్తారు.

“స్లైడ్లు చాలు. లైవ్‌లో చూపించండి. ఎవరైనా నిజమైన పౌరురాలిని పిలవండి.”

నిజమైన పౌరురాలు అక్కడే నేల తుడుస్తోంది. పేరు కొమురమ్మ, మియాపూర్‌లో కాపురం. రేషన్ కార్డుకు ఇదే యాప్‌లో దరఖాస్తు పెట్టి మూడేళ్లయింది. ఇంట్లో ఐదుగురు. నెలాఖరుకు బియ్యం చాలక ఆమె ఒక పూట తినడం మానేస్తుంది. ఆ రోజుల్లో కాఫీలో చక్కెర ఎక్కువ వెయ్యమంటుంది కాబట్టి నాకు తెలిసిపోతుంది.

“నొక్కమ్మా” అన్నారు అధ్యక్షులు.

“ఎన్నిసార్లు నొక్కిన్నో సారూ. ఏలు అరిగింది గని కార్డు రాలె.”

“ఈసారి మేమున్నాం. నొక్కు.”

నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది. సరిగ్గా నాలుగు నిమిషాలకు రాకేశ్ గారు పక్క గదిలోకి వెళ్లి కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. కొమురమ్మ దాన్ని కళ్లకద్దుకుని ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఎమ్మెల్యేలు చప్పట్లు కొట్టారు.

సభ్యురాలు కృష్ణప్రియ గారు మాత్రం కార్డు ముట్టుకుని వేలు చూసుకున్నారు. వేలికి నీలం రంగు అంటింది.

“యాప్‌కి సిరా ఎక్కడిదండీ?”

సంఘం లేచి పక్క గది తలుపు తోసింది. లోపల ఒక కుర్చీ, స్టాంపు ప్యాడు, తహసీల్దారు ముందే సంతకాలు పెట్టిన ఫారాల కట్ట. వాటి మధ్య ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

“ఎవరు నువ్వు?” అన్నారు అధ్యక్షులు.

“రాజయ్య సార్, క్లర్కును. పెద్దలొచ్చి బటన్ నొక్కిస్తే నా ఫోన్‌ల గంట కొడ్తది. వివరాలు జూసి, రాసి, ముద్రేస్త.”

“మిగతా రోజుల్లో?”

“మిగతా రోజులు కాగితం ముట్టొద్దన్నరు సార్. అంతా ఆన్‌లైనేనట.”

సభాసంఘానికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడికక్కడే సమావేశమైంది. తొమ్మిది కాఫీల తర్వాత ఏకగ్రీవంగా తీర్మానించింది: టెక్నాలజీలో ఏ లోపమూ లేదు, లోపమంతా అందులో దూరిన మనిషిదే. రాజయ్యను ఈ సాయంత్రం ఐదింటికల్లా పంపించెయ్యాలి. అక్రమంగా పుట్టిన కార్డు రద్దు.

రాకేశ్ గారు కార్డు కోసం చెయ్యి చాపారు.

“జర ఆగు సారూ! ఈ నెల బియ్యం దెచ్చుకొని మల్ల నేనే ఇస్త” అంది కొమురమ్మ.

“రూల్స్ ఒప్పుకోవమ్మా” అని ఆయన మెల్లగా లాక్కున్నారు. నాకు ఒళ్లు మండింది. సభా మర్యాద గుర్తొచ్చి కప్పులు కడుక్కున్నాను.

నాలుగున్నరకు అధ్యక్షులు అటూ ఇటూ చూసి పక్క గదిలోకి వెళ్లారు.

“రాజయ్యా, ఐదింటి దాకా ఉంటవు గదా? మా అబ్బాయి ఇన్‌కమ్ సర్టిఫికెట్ రెండేళ్ల నుంచి యాప్‌లనే ఉన్నది.”

ఆయన వెనక కృష్ణప్రియ గారు, ఆమె వెనక మిగతా ఏడుగురు. పదో స్థానంలో తన కాగితాలతో రాకేశ్ గారు నిలబడ్డారు. కొమురమ్మ చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆయన వెనక నిలబడింది.

రాకేశ్ గారు వెనక్కి తిరిగి ఎంతో మర్యాదగా చెప్పారు.

“అమ్మా, మీరు ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలండీ.”