సాఫ్ట్‌వేర్‌లో శుద్ధి అయిన బోరు నీళ్లు

సోమందేపల్లె దగ్గర, హైవే పక్కనున్న మా ఇంజనీరింగ్ కళాశాలలో నీటి శుద్ధి ప్రయోగాలు ఈ ఏడాది నుంచి ఒక్క చుక్క నీరైనా అవసరం లేకుండా జరుగుతున్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. మా కళాశాల అంటే మా అబ్బాయి వంశీ చదివేది.

ఈ ప్రయోగాలు జరిగేది పలు కళాశాలలు కలిసి వాడుకునే ఆన్‌లైన్ ప్రయోగశాలలో. మీట నొక్కితే తెర మీద పటిక పడుతుంది, మడ్డి దిగుతుంది, నీరు తేటపడుతుంది. క్లాసుకు ఒకే లాగిన్ కాబట్టి మా వంశీ నొక్కుతాడు, మిగతా యాభై తొమ్మిది మంది రికార్డులో రాసుకుంటారు. ఇంతటి సమష్టి కృషి మరెక్కడా చూడం. పాత ల్యాబులో కొళాయిలు పీకేసి, ఆ గదిని ప్రిన్సిపాల్ గారి కారుకు కేటాయించారు.

ఈ ప్రశాంతతను చెడగొట్టింది మౌనిక. కుందుర్పి దగ్గరి పల్లె పిల్ల. వాళ్ల ఊరి బోరు నీళ్లు సీసాలో తెచ్చి, ఫ్లోరైడ్ ఎంతుందో చూడమంది. ఎక్కువుందని కళాశాల రాసిస్తే పంచాయతీ వాళ్లు ఫిల్టరు పెట్టిస్తామన్నారట.

విభాగాధిపతి విష్ణువర్ధన్ గారు తక్షణమే స్పందించారు. సాఫ్ట్‌వేర్‌లో నది, చెరువు, మురుగు అని మూడే రకాల నీళ్లున్నాయి. బోరు లేదు.

"నది నొక్కు వంశీ" అన్నారు.

"సార్, మా ఊర్లో నది యాడుండాది?" అంది మౌనిక.

"కంప్యూటర్లో ఉండాది కదమ్మా. ఊరికే అడ్డం మాట్లాడొద్దు."

నదిలో ఫ్లోరైడ్ లేదు. కాబట్టి బోరు నీళ్లు తాగడానికి యోగ్యమని మౌనిక ఊరికి రంగుల నివేదిక వెళ్లింది. సీసా మూత తీయాల్సిన పనే పడలేదు. పంచాయతీ వారు నివేదికకు అద్దం కట్టించి, ఫిల్టరు ప్రతిపాదన విరమించుకున్నారు.

తల్లిదండ్రుల సమావేశంలో ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "కరువు సీమలో, నీరు లేకుండానే నీటిని శుద్ధి చేసిన ఘనత మనది!"

వెనక గోడకు ఆనుకుని నిలబడిన మౌనిక తల్లి బయమ్మ ఓ సీసా పైకెత్తింది. "సార్, ఇవి మా బోరు నీళ్లే. మంచివని మీరే రాసిచ్చినారు కదా, రెండు గుక్కలు తాగండి."

"తాగి చూడడం సిలబస్‌లో లేదమ్మా" అని నవ్వారు విష్ణువర్ధన్ గారు.

ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతుల్లో ఉన్నాయో మాకు తెలుసు. "కూర్చోమ్మా, నీ కూతురికే నష్టం" అని నచ్చజెప్పాము.

"యాడ కూర్చునేదక్కా! ఆ నీళ్లు తాగి తాగి, ఈ మోకాళ్లు వంగక ఐదేండ్లయింది."

సభ అయ్యేదాకా ఆమె నిలబడే ఉంది. కళాశాల పట్ల ఇంత గౌరవం చూపిన తల్లి మరొకరు లేరని ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు. మేమంతా కూర్చునే చప్పట్లు కొట్టాము.