అర మార్కు దండయాత్ర

శ్రోతలారా, చేతిలోని ఫోను ఒక మూలబెట్టి, చెవి ఇటు పారేసి వినుడు. మధ్యాహ్న మార్తాండుడు పడమటి కిటికీ అద్దమునకు మొగమానించి లోపలికి తొంగిచూచుచుండగా, గోడగడియారము మూడు గంటల ముప్పదియైదు నిమిషములను ప్రకటించుచుండగా, విశ్వవిద్యాలయ పరీక్షావిభాగమను సమరాంగణమున, ఒక కాలికింద అట్టముక్క దోపబడిన పొడవాటి బల్లపై, నూట ఎనుబది జవాబుపత్రములు గుట్టగా పడియుండెను. పొద్దుటినుండి వచ్చిన వీరాధివీరులందరు తమ తమ పత్రములను లాగి చూచుకొని, తిరిగి అందులోనే విసరివేసిరి. ఒక్కరైనను సర్దిన పాపాన పోలేదు.

ఆ గుట్ట యెదుట నిలిచినది మన కథానాయిక. నలుబది వచ్చినగాని దాటనీయని లోకమున ముప్పదితొమ్మిదిన్నర మార్కులను శిరమున దాల్చిన ధీర, ఇంటిల్లిపాది బుల్లి యని పిలుచునది. డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌ల విశ్లేషణ అను కోర్సు ఆమెను అర మార్కు కొరతతో గుమ్మము బయటనే నిలిపివేసెను. అయితే నాలుగవ ప్రశ్నకు జవాబు ఆమె కాగితము వెనుకవైపున వ్రాసినది. మాస్టారు దానిని తిప్పి చూడలేదని ఆమె గట్టి నమ్మకము. తన పత్రము వెదకి తీసి, నాలుగు గంటలలోపు మేడమీది మాస్టారికి చూపినచో బ్రతికిపోవును. నాలుగు దాటెనా, వచ్చే యేడు జూనియర్ల నడుమ కూర్చుండి ఇదే కోర్సును ఓనమాలనుండి వినవలెను. ఆ బాధ యెట్టిదో పక్కన నిలిచిన పెద్దమ్మ కూతురికి బాగుగా తెలియును. ఆ అక్క రెండవసారి చదివి, ఈ యేడే గట్టెక్కినది.

బుల్లి కొంగు బిగించినంత పనిచేసి, పైనున్న పత్రముపై చేయి వేసెను. అక్క ఆ చేతిని పట్టుకొనెను.

"ఏం చేస్తున్నావ్?"

"వెతుకుతున్నా."

"ఒక్కొక్కటీ తిరగేసుకుంటూనా? కోర్సంతా విని ఇదేనా నేర్చుకుంది? ఎవరైనా చూస్తే నవ్విపోతారు."

ఆ పలుకు బుల్లి పౌరుషమును చురుక్కున తాకెను. అంతట అక్క బల్లపై అరచేయి మోపి, మహాసేనాని వలె ఇట్లు వ్యూహమును వెల్లడించెను:

"ముందు నెంబర్ల వరసలో పెడదాం. వరసలో ఉంటే సగానికి సగం కొట్టేసుకుంటూ పోవచ్చు. నూట ఎనభైలో నీది ఎనిమిది చూపుల్లో దొరుకుతుంది. ఎనిమిదంటే ఎనిమిదే."

ఎనిమిది చూపులు. ఆ మాటలోని తీపిని ఏమని వర్ణింతును? ఆ ఎనిమిదికి ముందు చేయవలసిన చాకిరి యెంతయో ఇద్దరిలో ఒక్కరైనను లెక్క వేయలేదు. అట్టి లెక్క వేయుటయే ఆ కోర్సు నేర్పు విద్య యని మీకు మనవి.

యుద్ధము మొదలయ్యెను. బుల్లి గుట్టను రెండు చేసెను, రెంటిని నాలుగు, నాలుగింటిని ఎనిమిది, ఎనిమిదింటిని పదునారు చేసెను. పత్రసేనలు బల్ల దాటి కుర్చీల నాక్రమించెను, కుర్చీలు దాటి కిటికీ గట్టు నధిరోహించెను, తుదకు నేలపై బారులు తీరెను. అక్కకు ఆ పద్ధతి నచ్చలేదు.

"ఇలా కాదే. మధ్యలో ఒక నెంబరు పట్టుకుని, చిన్నవి ఎడమకి, పెద్దవి కుడికి వేద్దాం."

"అది ఒక్కోసారి దెబ్బకొడుతుందక్కా. మాస్టారే చెప్పారు."

"ఎప్పుడో నూటికో కోటికో."

"నా జాతకానికి ఇవాళే కొడుతుంది."

ఈ శాస్త్రచర్చ నాలుగు నిమిషములు సాగెను. అప్పుడు పరీక్షావిభాగ రక్షకుడు, ముప్పదియేండ్ల సేవాధురంధరుడు, అటెండరు బాబాయి టీ గ్లాసుతో లోనికి వచ్చెను. నేలపై మోకరిల్లి చెమటలు గ్రక్కుచున్న ఆడపిల్లలను చూచి ఆయన మనసు కరిగెను. పాపము, మంచికే ఫ్యాను వేసెను.

పదునారు సేనలును ఒక్కుమ్మడి గాలిలోనికి లేచెను. అవి మరల నేలకు దిగునప్పటికి గడియారము మూడు ఏబదిరెండు చూపుచుండెను.

బాబాయి ఫ్యాను ఆపి, కాలికింది పత్రములను ఏరుచు నెమ్మదిగా అడిగెను.

"ఎన్ని కావాలమ్మా?"

"ఒక్కటే బాబాయ్. నాది."

"మళ్ళీ మళ్ళీ వెతకాలా?"

"లేదు. ఇదొక్కసారే."

"ఒక్కసారికి, ఒక్కదాని కోసం, ఇన్నీ సర్దడమెందుకు తల్లీ? పైనుంచి తిరగేసుకుంటూ రా. దొరకగానే ఆపెయ్."

ఆ మాట తనకు ముందే తెలిసినట్లు బుల్లికి తోచెను గాని, ఎక్కడిదో గుర్తు రాలేదు. గుర్తు చేసికొను తీరికయు లేదు. ముగ్గురును దొరికినవి దొరికినట్లు పోగుచేసిరి. బుల్లి ఒక్కొక్కటే తిరగవేయసాగెను. తనది తేలలేదు, తేలలేదు, తేలలేదు. ముప్పాతిక గుట్ట అయిన పిదప తేలెను.

"నువ్వు పరిగెత్తు. వీటి సంగతి నేను చూసుకుంటా," అనెను అక్క.

రెండేసి మెట్లు దాటుచు బుల్లి మేడ యెక్కునప్పటికి మాస్టారు గదికి తాళము వేయుచుండిరి.

"ఇంకో నిమిషముంది సార్."

ఆయన గడియారము చూచుకొనిరి, కళ్ళద్దములు పెట్టుకొనిరి, పత్రము వెనుకకు తిప్పిరి. నాలుగవ ప్రశ్నను పైకి చదివిరి: వరసలో లేని గుట్టలో ఒకే వస్తువును ఒకేసారి వెదకుటకు, ముందుగా అంతయు వరస పెట్టుట లాభమా? దాని కింద బుల్లి గుండ్రని దస్తూరిలో జవాబున్నది. లాభం లేదు. వెతకడం కన్నా వరస పెట్టడమే పెద్ద పని. పైనుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవడమే మేలు.

మాస్టారు ఆమె మోకాళ్ళ దుమ్మును చూచిరి.

"కింద పేపర్ల దగ్గరికి వచ్చి ఎంతసేపయింది?"

"పాతిక నిమిషాలండి."

"ఒక్క పేపర్ తియ్యడానికి పాతిక నిమిషాలా? ఏం చేశావ్?"

బుల్లి తన చెప్పులను చూచుకొనెను.

"వరస పెట్టామండి."

మాస్టారు ఆ జవాబును మరొకసారి చదువుకొనిరి. పిదప ఎర్రకలము తీసి ½ అని వేసిరి.

"రాసినందుకు ఇస్తున్నా. చేసినదానికైతే సున్నా."

మార్కుల పుస్తకము దిద్దించి, సంతకములు చేయించి, పత్రముతో బుల్లి కిందికి దిగునప్పటికి అయిదు కావచ్చెను. అక్క బల్లముందు మహారాణి వలె కూర్చుండియుండెను. ఎదుట నూట డెబ్బదితొమ్మిది పత్రములు నెంబర్ల వరసలో నిటారుగా నిలిచియుండెను.

"పాసయ్యా అక్కా."

"నాకు తెలుసులే. ఇప్పుడు ఏ నెంబరైనా అడుగు. ఎనిమిది చూపులు."

"గడువైపోయిందమ్మా," అనెను బాబాయి పురికొస విప్పుచు. "వీటినిక ఎవరూ అడగరు. స్టోర్ రూముకే."

అక్క మొగము చిన్నబోయెను. అది చూచి బుల్లి, "నాది ఎక్కడ పెట్టాలో చూపించు," అని పత్రమందించెను. అక్క సగము, సగములో సగము, అందులో సగము చూచుచు, బిగ్గరగా లెక్కపెట్టుచు, ఏడవ చూపులో చోటు పట్టెను. నూట ఎనుబదియవ పత్రము తన స్థానమున కూర్చుండెను. బాబాయి కట్ట బిగించెను.

ఇట్లు సకలసేనలను నేలపాలు చేసి, కాలమును అరవై క్షణముల తేడాతో గెలిచి, బుల్లి అర మార్కును జయించినది. ఈ గాథను శ్రద్ధగా విన్నవారికి పోయిన తాళంచెవి వెదకిన మొదటి జేబులోనే దొరకును. దొరకకున్న రెండవ జేబు చూడుడు. ముందు బీరువా మాత్రము సర్దకుడు.