పందెం అనకూడని రోజు

కాస్త ఇటు జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే ఓపిక లేదు నాకు. మా వీధి దర్జీ సంగతి ఇది. మనిషి బంగారం. పనిలో వంక పెట్టడానికి లేదు. ఉన్నదల్లా ఒక్క అలవాటు. చివర "పందెం!" అనందే ఆయన మాట పూర్తయ్యేది కాదు. "ఇవాళ వాన పడుతుంది, పందెం!" "ఈ చొక్కా నీకు అతికినట్టుంటుంది, పందెం!" అని అరచెయ్యి చాపేవాడు. అలాగని ఎవరి దగ్గరా ఏదీ గెలుచుకున్నదీ లేదు, పోగొట్టుకున్నదీ లేదు. మా వీధిలో ఆ మాటకు "నన్ను నమ్మండి" అనే అర్థం. గుడ్డ ఇచ్చినవాళ్లు రసీదు కూడా అడిగేవారు కాదు. ఆయన పందెం అన్నాడంటే ఇంటికి పోయి నిశ్చింతగా ఉండేవారు.

ఒకరోజు పొద్దున్న కొట్టుకు బయలుదేరుతూ, చెప్పులు తొడుక్కుందామని వాళ్ల నాన్న కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ల నాన్న ఆ కుర్చీలో కూర్చుని ఆయనకు కాజాలు కుట్టడం నేర్పాడు. ఇప్పుడది కూర్చుంటే ఒక మూలుగు, లేస్తే ఒక మూలుగు.

"ఆ కుర్చీని అవతల పారేద్దామండీ. ఎవరో ఒకరు పడి నడుం విరగ్గొట్టుకుంటారు," అంది భార్య.

"ఇదా? మన మనవలు కూడా కూర్చుంటారు దీంట్లో, పందెం!"

"మళ్లీ అదే! పొద్దుగూకేదాకా ఆ మాట అనకుండా ఉండండి చూద్దాం."

"ఉంటే?"

"కుర్చీ జోలికి రాను. అన్నారో, సాయంత్రమే పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తా."

దర్జీ అరచెయ్యి చాపాడు, నోరు తెరిచాడు, గబుక్కున మూసుకున్నాడు. కుర్చీని ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

కొట్టు తీశాడో లేదో, బళ్లో చదువు చెప్పే పంతులమ్మ కూతురి గౌనుకని గుడ్డ తెచ్చింది.

"రేపటికి అయిపోతుందా?"

"అయిపోతుందమ్మా."

ఆమె కదల్లేదు. "అయిపోతుంది... అంతేనా?"

"అంతేనమ్మా."

"నిజంగా అవుతుందా?"

"అవుతుందని చెప్తున్నాగా!"

పంతులమ్మ గుడ్డ మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. "తొందరేం లేదులెండి," అని తిన్నగా ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి దగ్గరికి పోయింది.

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి పరుగున వచ్చాడు. "అన్నా, వాన పడుతుందంటావా?"

"ఏమో. పడొచ్చు, పడకపోవచ్చు."

ఇస్త్రీ ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఇన్నేళ్లలో ఆ నోట "ఏమో" అన్న మాట ఆయన వినలేదు. "ఏమైందన్నా? నాతో చెప్పు."

చెబుదామంటే, ఆ మాట అనకుండా ఆ సంగతి చెప్పేదెలా? దర్జీ కాసేపు ఆలోచించి, పందెం కాసేవాళ్లు కొట్టినట్టు అరచేతిమీద అరచెయ్యి టపటపా కొట్టి చూపించాడు. తర్వాత నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో! చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? ఎవరికీ చెప్పొద్దంటావా? నేనెందుకు చెప్తానన్నా!" అని ఇస్త్రీ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పోయి వీధంతా చెప్పాడు.

చెప్పొద్దన్న కబురు కదా, ఎండ ముదిరేలోపే వీధి చివరకి చేరింది. పోయినకొద్దీ పెరిగింది కూడా. తిమ్మిరి కాస్తా చేతులు పడిపోవడమైంది. చేతులు పడిపోయాయంటే కొట్టు మూసేస్తున్నట్టే కదా! ఒకరి వెనక ఒకరు వచ్చి, "మీరు రెస్టు తీసుకోండి" అంటూ సగం కుట్టిన లాగులు, కాలర్లు లేని చొక్కాలు పట్టుకుపోయారు. "నాకేం కాలేదు మొర్రో!" అని దర్జీ అరిచినకొద్దీ, "పాపం, ఎంత గుండె నిబ్బరమో" అని కళ్లొత్తుకున్నారు. చివరికి కొట్లో దర్జీ, మిషను, కత్తెర మిగిలాయి.

అంతలో బావమరిది ఆటో తీసుకుని దిగాడు. మనిషి ఏనుగు గున్న, మనసు వెన్నపూస. "మాట్లాడకు బావా, నువ్వస్సలు మాట్లాడకు!" అని దర్జీని చంటిపిల్లాడిలా ఎత్తి ఆటోలో వేశాడు. ఆస్పత్రికి పోతూ అక్కను ఎక్కించుకుందామని ఇంటి ముందు ఆపాడు. వెనకాలే చేతుల్లో మూటలతో జనం.

భార్య ఏడుస్తూ ఎదురొచ్చి మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది. కుర్చీ మూలిగింది.

"ఏమైందండీ మీకు?"

"ఏమీ కాలేదే."

"కాకపోతే ఎప్పుడూ అనే మాట అనమనక్కా!" అన్నాడు బావమరిది.

దర్జీ కిటికీలోంచి చూశాడు. పొద్దు ఇంకా వాలలేదు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో, తల కూడా ఊగుతోంది!" అంది పంతులమ్మ.

అప్పుడు వెలిగింది భార్యకి. "ఈ కుర్చీ కోసమా ఇదంతా? ఉండనివ్వండి మీ కుర్చీ! నేనే ఓడిపోయా. ఇంకెప్పుడూ దాని జోలికి రాను. ఆ మాట ఒక్కసారి అనండి, మీకు పుణ్యముంటుంది!"

"నిజంగానా?"

"నిజంగానే మహానుభావా!"

దర్జీ ఒక్క ఉదుటున లేచాడు. పొద్దుట్నుంచి గొంతులో ఆపుకున్నదంతా బయటికి దూకింది. "పంతులమ్మగారూ, గుడ్డ ఇటివ్వండి. రేపటికల్లా గౌను మీ చేతిలో ఉంటుంది, పందెం! ఇస్త్రీ తమ్ముడూ, నీ చొక్కా ఎల్లుండికి, పందెం! నా చేతులు ఉక్కు, పందెం! ఈ కుర్చీ ఇంకో తరం ఉంటుంది, పందెం!"

మూటలన్నీ మళ్లీ ఆయన చేతుల్లోకి వచ్చాయి. "అమ్మయ్య!" అని బావమరిది ఒళ్లు తేలికై, వెనకున్న కుర్చీలో కూలబడ్డాడు.

కుర్చీ ఈసారి మూలగలేదు. ఫెళ్లుమంది.

"నేను మామూలుగానే కూర్చున్నా బావా," అన్నాడు బావమరిది నేలమీంచే.

దర్జీ వంగి, వాళ్ల నాన్న చెయ్యి ఆని ఆని నున్నబడ్డ చెక్కను చేతిలోకి తీసుకున్నాడు. భార్య "నేను చెప్పలేదా" అనలేదు. చెక్కలన్నీ దుప్పట్లో మూటగట్టుకుని వడ్రంగి దగ్గరికి నడిచింది.

"ఇది పొయ్యిలోకి తప్ప పనికిరాదమ్మా," అన్నాడు వడ్రంగి మూట విప్పి చూసి.

"బాగుచేస్తావా, చెయ్యవా?"

"చేస్తాలే తల్లీ. కాళ్లు కొత్తవి వేసి రేపటికి నిలబెడతా."

ఆమె అరచెయ్యి చాపింది. "పందెమా?"

ఆ కుర్చీ ఇప్పటికీ ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీవాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం వినేవాళ్లను నేలమీద కూర్చోబెట్టండి.