గోడ తలుపుకి తాళం

నేను పెరటి కుళాయి దగ్గర మావయ్యగారి కట్టుడు పళ్ళు గిన్నెలో వేసుకుని తోముతున్నాను. ఈ ఇంటి కోడలినైన నాటినుంచీ పొద్దున్నే నా మొదటి పని అదే. కడిగి చేతికిస్తేగానీ ఆయనకు మాట రాదు. వచ్చాక ఆగదు.

ఆ రోజు పళ్ళు పెట్టుకుని కుర్చీలో కూర్చోగానే జేబులోంచి కొత్త తాళంకప్ప తీశారు.

"ఇవాళ్టినుంచి గోడ తలుపు మూత. ప్రభువుని నమ్మని, రక్షణ లేనివాళ్ళ చెయ్యి ఇక మన ఇంట్లో పడకూడదు."

ఆ తలుపు మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య గోడలో ఉంది. అవతల పుస్తకాలు బైండింగ్ చేసే ఆయన ఉంటారు. మాకు బైండింగ్ బాబాయి. ఆయన దేవుడు వేరు. మావయ్యగారేమో చర్చిలో సంఘ పెద్ద. పోయిన ఆదివారం, అన్యులకు దూరంగా ఉండాలన్న ప్రసంగం విని వచ్చారు. ఆయన మెలకువగా విన్న మొదటి ప్రసంగం అదేనని అత్తయ్య అంటారు.

నాకు నొప్పులొచ్చిన రోజు ఇంట్లో మగదిక్కు లేకపోతే, జిగురు చేతులతోనే ఆ తలుపులోంచి పరుగెత్తుకొచ్చి నన్ను ఆసుపత్రికి చేర్చింది బాబాయే. ఆ జిగురు మరక నా చీర కొంగున ఇంకా ఉంది. పోవాలని నేనూ గట్టిగా ఉతకలేదు.

ఈ ఇంట్లో నా వంతు కూడా అత్తయ్యే మాట్లాడతారు.

"మంచి మాట. పడకూడదంటే అసలే పడకూడదు. లేవండి!"

"ఎందుకే?"

"ఆ కుర్చీ చేసిన వడ్రంగి మన సంఘమా?"

మావయ్యగారు లేచారు. కుర్చీ పెరటి మూలకి పోయింది.

"చొక్కా కుట్టినాయన?"

"అదీ..."

"విప్పండి."

చొక్కా కుర్చీ మీదికి చేరింది. దాని మీదికి కళ్ళజోడు, కిందికి చెప్పులు చేరాయి. అత్తయ్య చూపు లుంగీ మీద పడింది. మావయ్యగారు రెండు చేతులతో ముడి పట్టుకున్నారు.

"ఇది నేసినాయన మనవాడే! కనుక్కున్నాను!"

"ఎప్పుడు?"

"రేపు."

"పోనివ్వండి. మరి పళ్ళ డాక్టరు?"

ఆయన నోరు గట్టిగా మూసుకున్నారు. అత్తయ్య చెయ్యి చాచి నిలబడ్డారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ చెయ్యి ఖాళీగా వెనక్కి వెళ్ళింది లేదు. పళ్ళు మళ్ళీ నా గిన్నెలోకొచ్చాయి.

మాట పోయిన మావయ్యగారు లోపలికెళ్ళి బైబిలు తెచ్చి గుండెకు హత్తుకున్నారు. వాళ్ళమ్మ తన చేత్తో పేరు రాసి ఇచ్చిన బైబిలు అది. దీన్నెవరు ముట్టుకున్నారో చెప్పమన్నట్టు గడ్డం ఎగరేశారు.

అత్తయ్య గొంతు తగ్గింది. "అమ్మాయీ, ఆయన కళ్ళజోడు ఇచ్చెయ్. ఏవండీ, వెనక అట్ట తెరవండి."

పోయిన వానాకాలం ఆయన సభలకని ఊరెళ్ళినప్పుడు, ఇంటి కప్పు కారి ఆ బైబిలు తడిసి ముద్దయింది. అత్తయ్య గోడ తలుపు తట్టారు. బాబాయి తన పనంతా ఆపి, మూడు రోజులు ఒక్కో కాగితం విడదీసి ఆరబెట్టి, మళ్ళీ కుట్టారు. చెబితే ఇక దాన్ని ముట్టుకోరని మేం మావయ్యగారికి చెప్పలేదు.

వెనక అట్ట లోపల చిన్న చీటీ అంటించి ఉంది. అందులో బాబాయి ఇలా రాశారు: "మీ అమ్మగారి చేతిరాత చెరిగిపోలేదు. పేజీలన్నీ ఉన్నాయి, రెండుసార్లు చూశాను. మీ దేవుడి పుస్తకం కదా, చేతులు కడుక్కునే ముట్టుకున్నాను."

మావయ్యగారు చాలాసేపు చదివారు. అంత చిన్న చీటీలో అంతసేపు చదవడానికేముందో నాకు తెలుసు.

తర్వాత బైబిలు అత్తయ్య చేతికిచ్చి, తాళంకప్పను నా గిన్నెలో పళ్ళ పక్కన పడేశారు.

"పళ్ళైనా పెట్టుకోండి! చొక్కా వేసుకోండి!" అన్నారు అత్తయ్య.

ఆయన వినిపించుకోలేదు. నన్ను పక్కకి జరిపి, కుళాయి కింద చేతులు రెండూ మోచేతుల దాకా కడుక్కున్నారు. లుంగీకి తుడుచుకుని, బోసి నోటితోనే గోడ తలుపు దాటి వెళ్ళారు.